52 హెర్ట్జ్

ఈ తిమింగలం కథ మొదటిసారి చదివినప్పుడు నాది బెంగళూరులో కొత్త ఉద్యోగం, సింగిల్ రూమ్. శుక్రవారం రాత్రి తలుపేసుకుంటే సోమవారం పొద్దున దాకా పైకి ఒక్క మాటా మాట్లాడని వారాలుండేవి. ఎవరికీ వినపడని గొంతుతో పసిఫిక్ అంతా పాడుకుంటూ తిరిగే జీవి అంటే, ఇంకేం కావాలి?

చాలా ఏళ్లకి అసలు పరిశోధన గురించి చదివాను. అందులో ఉన్నది దారులు, నెలలు, అంకెలు.

ఆ గొంతును మొదట పట్టుకున్నది యుద్ధం చెవులు. సోవియట్ జలాంతర్గాముల చప్పుడు వినడానికి అమెరికా నౌకాదళం సముద్రం అడుగున పరిచిన హైడ్రోఫోన్లలో, 1989లో, 52 హెర్ట్జ్ దగ్గర ఓ వింత పిలుపు వినపడింది. నీలి తిమింగలాలు పాడేది సుమారు 10 నుంచి 39 మధ్య, ఫిన్ తిమింగలాలు 20 దగ్గర. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఆ చెవులు శాస్త్రవేత్తలకీ దొరికాయి. వుడ్స్ హోల్ సంస్థలో విలియం వాట్కిన్స్ బృందం 12 ఏళ్లు ఈ ఒక్క గొంతు వెంటే పడింది. 2004లో వాళ్ల పత్రం అచ్చయ్యేసరికి వాట్కిన్స్ లేరు.

వార్త పత్రికల్లోకి ఎక్కగానే ఉత్తరాలు మొదలయ్యాయి. దిగులుగా ఉన్నవాళ్లు రాశారు. పాపం దానికి చెవుడేమో అని వినికిడి లేనివాళ్లు కొందరు అడిగారు. నాకీ కథలో అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే.

కానీ 52 హెర్ట్జ్ మిగతా తిమింగలాలకి వినపడదని ఎవరూ తేల్చలేదు. హంప్‌బ్యాక్‌లు అంతకన్నా ఎంతో పైస్థాయిలో పాడతాయి. ఇది చెవికి అందని గొంతు కాదు, బహుశా యాస తేడా. దాని దారికీ మిగతా తిమింగలాల కదలికలకీ సంబంధం కనపడలేదని మాత్రం పత్రంలో ఉంది. ఒంటరితనానికి ఆధారమంటూ ఉంటే అదొక్కటే. అదీ నాకు సరిపోదు. మా పనిలో రోజూ చూసేదే: రిప్లై లాగ్‌లో పడలేదంటే రాలేదని కాదు. ఏ నీలి తిమింగలమో మామూలు గొంతుతో దీనికి బదులిచ్చి ఉంటే, ఆ బదులు వేల మామూలు గొంతుల్లో కలిసిపోయి ఉంటుంది. వేరుగా వినపడేది ఇదొక్కటే కదా.

ఇంకో సంగతి. తర్వాతి ఏళ్లలో దాని గొంతు 50 కన్నా కిందికి దిగింది. ప్రపంచమంతటా నీలి తిమింగలాల పాట కూడా 1960ల నుంచీ ఏటికేడు కొంచెం కొంచెంగా దిగుతూనే ఉంది. ఎందుకో కచ్చితంగా తెలియదు. ఆ దిగడంలో మాత్రం ఇదీ వాటితోపాటే ఉంది.