ఇరవై రూపాయల లెక్క

భారతీయుడి తలసరి ఆదాయం ఏడాదికి ఇరవై రూపాయలు. ఈ అంకెను మొదట లెక్కగట్టి చూపినవాడు దాదాభాయి నౌరోజీ. 1867-68 నాటి సర్కారు నివేదికలనే ఆయన ముందు పెట్టుకున్నారు. ఏ రాష్ట్రంలో ఎన్ని ఎకరాలు సాగయ్యాయి, ఎకరానికి ఎంత పండింది, దాని ధరెంత అన్నది చూసి, పంటకు గనులు, ఉప్పు, చేతివృత్తుల రాబడి కలిపారు. బ్రిటిష్ ఇండియా మొత్తం ఉత్పత్తి 34 కోట్ల పౌన్లని తేలింది. దాన్ని 17 కోట్ల జనానికి పంచితే మనిషికి రెండు పౌన్లు, అంటే అప్పటి మారకంలో ఇరవై రూపాయలు. 1870 దశకంలో ఆయన ఈ లెక్కను సభల్లోనూ పార్లమెంటు విచారణ సంఘం ముందూ పెట్టారు. 1901లో అచ్చయిన ఆయన పెద్ద గ్రంథానికీ ఇదే పునాది. మన దేశంలో జాతీయాదాయ గణన చరిత్ర ఇక్కడే మొదలవుతుందని అర్థశాస్త్ర పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. అయితే ఆ లెక్కలో సగాన్నే అవి గుర్తుపెట్టుకున్నాయి.

మిగతా సగం ఖర్చుల వైపు ఉంది. మనిషి ప్రాణం నిలుపుకోవడానికి ఏడాదికి ఎంత కావాలన్నది నౌరోజీ వేసిన రెండో ప్రశ్న. జవాబు కోసం ఆయన జైళ్ల పద్దులు తిరగేశారు. ఖైదీకి పెట్టే తిండికీ ఇచ్చే బట్టకూ అయ్యే ఖర్చు ఒక్కో రాష్ట్రంలో ఎంతో చూశారు. ఓడల్లో విదేశీ తోటలకు తరలించే కూలీలకు సర్కారే నిర్ణయించిన రేషన్‌నూ లెక్కలోకి తీసుకున్నారు. ప్రాంతాన్ని బట్టి కనీస అవసరం 16 నుంచి 35 రూపాయల దాకా తేలింది. దేశంలో పండిందంతా సమానంగా పంచినా చాలాచోట్ల స్వేచ్ఛగా బతికే రైతుకు ఖైదీపాటి తిండి కూడా దక్కదన్నమాట. పైగా ఇది సగటు మాత్రమే. ధనికుల వాటా తీసేస్తే పేదవాడికి ఇరవై కూడా మిగలవని ఆయనే హెచ్చరించారు. కాబట్టి తలసరి ఆదాయం ఇక్కడ గొప్ప చెప్పుకోవడానికి పుట్టిన అంకె కాదు. అవసరం పక్కన నిలబెట్టి, చాలుతుందా లేదా అని అడగడానికి పుట్టింది.

ఆ ప్రశ్న ఎంత అవసరమో అదే దశకంలో తెలుగు నేల మీద రుజువైంది. 1876లో వానలు మొహం చాటేయడంతో వచ్చిన కరువును రాయలసీమ ధాత కరువుగా గుర్తుపెట్టుకుంది. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. ఆనకట్టల నీళ్లున్న గోదావరి, కృష్ణా డెల్టాల్లో మాత్రం పంట పండింది. 1877, 78 సంవత్సరాల్లోనే ఇండియా నుంచి మూడు లక్షల టన్నులకు పైగా గోధుమలు ఓడలెక్కి బయటికి పోయాయి. ఎగుమతి పద్దులో అది రాబడి. కరువు పనుల్లో చేరినవాడికి మాత్రం సర్కారు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ ఖరారు చేసిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అరకిలో కూడా కాదు, దాని మీద కొద్దిపాటి చిల్లర. అంత తిండితో మట్టిపని చేసే మనిషి నిలవడని మద్రాసు ఆరోగ్య కమిషనర్ కార్నిష్ వాదించాక, ఆ కూలి పెంచక తప్పలేదు. వస్తువు ఉండటం వేరు, అది కొనే శక్తి మనిషికి ఉండటం వేరు అని ఇంతకంటే కఠినంగా చెప్పిన ఘటన అరుదు. ఆ కరువు సహాయ సంఘంలో పనిచేసి దాని చరిత్ర రాసిన మద్రాసు పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ తర్వాత నౌరోజీ బాటలోనే జాతీయాదాయం లెక్క కట్టడం కాకతాళీయం కాదు.

ఆ తర్వాత పోరు అంకెల మీదికి మళ్లింది. నౌరోజీ పశుసంపద వంటివాటిని వదిలేశారని ఇండియా ఆఫీసు అధికారి డాన్వర్స్ అభ్యంతరం చెప్పారు. 1882లో సర్కారు ఆర్థిక అధికారులు బేరింగ్, బార్బర్‌లు తలసరి 27 రూపాయలన్నారు. 1901లో వైస్రాయి కర్జన్ దాన్ని 30కి పెంచితే, డిగ్బీ దాదాపు 18 దగ్గర నిలిపారు. ఎవరి లెక్క సరైనదని తేల్చడం నేటికీ తేలిక కాదు. నౌరోజీ పద్ధతిలో లోపాలున్న మాటా నిజమే. వైద్యం, విద్య వంటి సేవలను ఆయన ఉత్పత్తిలో చేర్చలేదు. కానీ 30 రూపాయలనే ఒప్పుకున్నా ఆయన చూపిన కనీస అవసరాల పైఅంచును అది దాటదు. ఆదాయం పెరుగుతోందా తరుగుతోందా అన్న తగవులో అవసరాల పద్దు మరుగున పడటమే అసలు నష్టం.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మహలనోబిస్ అధ్యక్షతన, గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులుగా జాతీయాదాయ సంఘం ఏర్పడి లెక్కలకు శాస్త్రీయత తెచ్చింది. అంతకు ముందే, 1934లో అమెరికా సెనేట్‌కు జాతీయాదాయ నివేదిక ఇచ్చిన ఆర్థికవేత్త సైమన్ కుజ్‌నెట్స్, ఈ అంకెను బట్టి ప్రజల సంక్షేమాన్ని అంచనా కట్టలేమని అందులోనే చెప్పారు. మన దగ్గర 1962లో ఒక నిపుణుల బృందం, మనిషికి నెలకు ఇరవై రూపాయల ఖర్చును 1960-61 ధరల్లో కనీస ప్రమాణంగా సూచించింది. నౌరోజీ రెండో పద్దు అలా మళ్లీ తెరుచుకుంది. అయితే అప్పటికే అది పేదరికం అనే వేరే శాఖ పనైపోయింది. అభివృద్ధి అంటే ఉత్పత్తి అన్న అర్థమే నిలిచింది.

ఆదాయం పెరగకుండా ఆస్పత్రులూ బడులూ ఎక్కణ్నుంచి వస్తాయని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. నౌరోజీ ఫిర్యాదు కూడా ఉత్పత్తి చాలడం లేదనే. డెల్టాను కాపాడింది కూడా ఆనకట్ట పెంచిన పంటే. కానీ రాబడి దానంతటదే బతుకుగా మారదు. 1991 జనగణన నాటికి కేరళకూ ఆంధ్రప్రదేశ్‌కూ తలసరి ఆదాయంలో పెద్ద అంతరం లేదు. అక్షరాస్యతలో కేరళ 90 శాతం దగ్గరుంటే ఆంధ్రప్రదేశ్ 44 శాతం దగ్గర, జాతీయ సగటుకు కూడా దిగువన ఉంది. తేడా తెచ్చింది డబ్బు పరిమాణం కాదు, బడుల మీదా వైద్యం మీదా దశాబ్దాలుగా పెట్టిన శ్రద్ధ. 1990లో ఆర్థికవేత్తలు మహబూబుల్ హక్, అమర్త్య సేన్ ఆలోచనల్లోంచి వచ్చిన మానవాభివృద్ధి సూచిక ఆదాయం పక్కన ఆయుష్షునూ చదువునూ చేర్చింది ఈ కారణంతోనే.

నేడు రెండు తెలుగు రాష్ట్రాల తలసరి ఆదాయమూ దేశ సగటు కంటే ఎక్కువ. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఏటా బడ్జెట్ రోజున మొదటి అంకెను మాత్రమే మైకులో చదువుతారు. రెండో అంకెను కూడా అదే సభలో, అదే నోటితో, అదే పేజీ నుంచి చదివించాలి. నూట యాభై ఏళ్ల కిందట జైలు పద్దులు తిరగేసిన మనిషి నేర్పిన పద్ధతి అది.