చెన్నపట్టణమున వెలసిన తెలుగుపాట: కవికి మరలివచ్చిన హక్కు

తెలుగుపాట పెక్కు తరములు తెలుగుదేశపు ఎల్లలకు వెలుపలనే పెరిగినది. తంజావూరు నాయకరాజుల కొలువులోను, వారి తరువాతి మహారాష్ట్ర ప్రభువుల కొలువులోను యక్షగానములును పదములును వెలసినవి. తిరువయ్యారున త్యాగరాజస్వామి కృతులు రచించెను. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు మొదలగు శిష్యులు వానిని వ్రాసి కాపాడిరి. పాట ఎవరి సొత్తు అను ప్రశ్న ఆనాడు పుట్టలేదు. పాడువారు చరణాంతమున కవి ముద్రను పలుకుటయే కవికి దక్కిన స్వామ్యము. స్వామి సిద్ధి పొందిన 1847 సంవత్సరముననే ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము ఈ దేశమున గ్రంథస్వామ్యమునకు, అనగా కాపీరైటునకు, తొలి చట్టము చేసినది. ఇది యాదృచ్ఛికమే యైనను గమనింపదగినది.

పాట గ్రామఫోను రికార్డులకును, అటుపై వెండితెరకును ఎక్కిన పిదప ఆ ప్రశ్న తలయెత్తినది. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు చందాల కేశవదాసు పాటలు వ్రాసెను. తరువాత చిత్రపరిశ్రమ మద్రాసున వేరూనినది. సముద్రాల రాఘవాచార్య, పింగళి నాగేంద్రరావు, మల్లాది రామకృష్ణశాస్త్రి, దేవులపల్లి కృష్ణశాస్త్రి, శ్రీశ్రీ, ఆత్రేయ, ఆరుద్ర ఆ నగరముననే కాపురముండి పాటలు వ్రాసిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడి మద్రాసు పరరాష్ట్రమున నిలిచినను పరిశ్రమ వెంటనే కదలలేదు. ‘మల్లీశ్వరి’ (1951), ‘దేవదాసు’ (1953), ‘మాయాబజార్’ (1957) చిత్రముల పాటలు అచటి తెలుగువారి కృషిఫలములే. కాని పాటకు ఇంతయని రొక్కము పుచ్చుకొని సంతకము చేయుటతో కవికిని పాటకును లెక్క తీరిపోవుట వాడుకయైనది.

ఈ వాడుకకు చట్టము ఎట్లు తోడ్పడినదో తెలిసికొనుట యవసరము. 1914 నాటి చట్టము బ్రిటిషువారి 1911 శాసనమును అనుసరించినది. అందొక మేలు గలదు: కర్త తన జీవితకాలమున హక్కును అమ్ముకొన్నను, ఆతడు గతించిన 25 ఏండ్లకు అది వారసులకు మరలి రావలెను. 1958 జనవరి 21న అమలులోనికి వచ్చిన 1957 చట్టమున అట్టి సాధారణ నియమము లేదు. పైగా అందలి 17వ సెక్షను, ప్రతిఫల మిచ్చి చిత్రము తీయించినవానికిని, జీతమిచ్చి పని చేయించుకొన్నవానికిని కొన్ని సందర్భములలో తొలి స్వామ్యమును కట్టబెట్టినది.

గేయకర్తలును సంగీతకర్తలును 1969లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీగా ఏర్పడి, తమ పాటలు బహిరంగముగా వినిపించినప్పుడు రుసుము చెల్లింపవలెనని కోరిరి. తూర్పు భారత చిత్రనిర్మాతల సంఘము ప్రతిఘటించినది. వ్యాజ్యము కాపీరైటు బోర్డునుండి కలకత్తా హైకోర్టునకును, అచటినుండి సుప్రీంకోర్టునకును పోయినది. 1977 మార్చి 14న తీర్పు వచ్చినది. వ్యతిరేకమైన ఒడంబడిక లేనిచో, నిర్మాత ప్రతిఫలమిచ్చి వ్రాయించుకొన్న పాటకు అతడే తొలి స్వామి యగునని ఆ తీర్పు సారాంశము. న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పుతో ఏకీభవించుచునే, గాయకునికి హక్కు లేకపోవుట లోపమని ప్రత్యేకముగా వ్రాసి శాసనకర్తలను హెచ్చరించెను.

ఆ లోపము కొంత తీరుటకు 35 ఏండ్లు పట్టినది. రాజ్యసభలో హిందీ ఉర్దూ కవి జావేద్ అఖ్తర్ గేయకర్తల పక్షమున వాదించెను. 2012 మే నెలలో ఉభయసభలు ఆమోదించిన సవరణచట్టము జూన్ 21న అమలునకు వచ్చినది. దీని ప్రకారము సినిమాలోగాని రికార్డులోగాని చేరిన పాటకు వచ్చు రాయల్టీలో సమానభాగము కవికిని సంగీతకర్తకును చెందును. సినిమాహాలులో చిత్రముతో పాటు పాట వినిపించుట మాత్రము దీనికి మినహాయింపు. ఈ భాగమును వారసులకో కాపీరైటు సొసైటీకో తప్ప అన్యులకు ధారపోయ వీలులేదు. వదలుకొంటినని సంతకము చేసినను చెల్లదు. 2023 ఏప్రిలులో బొంబాయి హైకోర్టు ఈ సవరణను ఆధారము చేసికొని, ఎఫ్.ఎం. రేడియోలు సినిమాపాటలను ప్రసారము చేసినపుడు కర్తలకు రాయల్టీ ఈయవలెనని ఉత్తరు విచ్చినది.

ఇచట ఒక భేద మెరుగవలెను. మరలివచ్చినది రాయల్టీలో భాగమే కాని పాటపై పూర్ణస్వామ్యము కాదు. అమెరికాలో 1976 చట్టము, 1978 నుండి కర్త చేసిన దత్తములను 35 ఏండ్ల పిమ్మట, తగిన గడువుతో ముందుగా నోటీసిచ్చి రద్దుచేసికొను హక్కును ఇచ్చినది. కొలువులో నుండి వ్రాసినవానికి మాత్ర మది లేదు. మన చట్టమున అట్టి మార్గము లేకున్నను వేరు దారులు కలవు. కరారులో గడువు పేర్కొననిచో అయిదేండ్లకు హక్కు కవికి మరలును. ప్రాంతము పేర్కొననిచో కరారు భారతదేశమునకే పరిమితము. వేరుమాట లేనిచో, పొందిన హక్కును ఏడాదిలోగా వినియోగింపనివానికి అది జారిపోవును. ఈ మూడును 1995 మే 10కి పూర్వపు కరారులకు వర్తింపవు. 2012 సవరణవలన, ఆనాటికి లేని ప్రసారసాధనమును కరారులో పేర్కొననిచో దానికి హక్కు సంక్రమింపదు. షరతులు మిక్కిలి కఠినమైనచో, అయిదేండ్లు గడచిన పిదప దత్తమును రద్దుచేయుమని అర్జీ పెట్టుకొనవచ్చును. 2012కు ముందు అమ్మిన పాటలకు సమానభాగము ఎంతవరకు వర్తించునన్నది మాత్రము వాదప్రతివాదములకు గురియైన విషయము.

ఈ హక్కులన్నింటికిని కాలపరిమితి కలదు. కవి గతించిన సంవత్సరము ముగిసిన పిమ్మట 60 ఏండ్లు స్వామ్యము నిలుచును. 1956లో కన్నుమూసిన చందాల కేశవదాసు పాటలకు 2016తో గడువు తీరినది. 1968లో గతించిన సముద్రాలకు 2028తోను, 1971లో గతించిన పింగళికి 2031తోను, 1980లో గతించిన కృష్ణశాస్త్రికి 2040తోను తీరును.

కావున తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబములు పాత పెట్టెలు వెదకవలసిన సమయమిది. కరారు నకళ్లు, రొక్కము ముట్టిన రసీదులు, రికార్డుల అట్టలు, వ్రాతప్రతులు ఒకచోట చేర్చి, తేదీలు గుర్తించి, న్యాయవాదికి చూపవలెను. వారసులును సొసైటీలో చేరవచ్చును. ఆ సొసైటీ 2017 నవంబరులో కొత్త చట్టము క్రింద తిరిగి రిజిస్టరైనది. కాని తెలుగు చదువు తగ్గిన ఇండ్లలో తాత వ్రాసిన తెలుగు కాగితమును చదువగల మనుమడు కరవగుచున్నాడు. ఏ కాగితము కరారో, ఏది చిత్తుప్రతియో తెలియని ఇంట హక్కు చట్టమున నున్నను చేతికి రాదు. ఆ కాగితములను చదివిపెట్టి జాబితా వ్రాయించుట ప్రతి తెలుగు సంఘమును పూనుకొనదగిన పని.