ఉత్తరాంధ్రలో సినిమా కూర్పు

విడివిడిగా తీసిన దృశ్యాలను ఎంచి, కత్తిరించి, వరుసపెట్టి ఒకే చిత్రంగా అతకడాన్ని కూర్పు అంటారు. తెలుగు సినిమా టైటిళ్లలో ఎడిటింగుకు చాలాకాలం ఈ మాటే వేశారు. పూలదండకు వాడే మాట ఇది. కత్తెర కన్నా ముడికి విలువనిస్తుంది కాబట్టి పని స్వభావానికి ఇదే సరిగ్గా అమరింది.

విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ సంస్థ 1938లో ‘భక్త జయదేవ’ తీసింది కానీ ఆ స్టూడియో ఎక్కువకాలం నిలవలేదు. తర్వాత కొన్ని దశాబ్దాలపాటు తెలుగు సినిమా కూర్పు ఎక్కువగా మద్రాసు ఎడిటింగ్ గదుల్లోనే జరిగింది. సెకనుకు 24 ఫ్రేములు, అడుగుకు 16 ఫ్రేములు, వెయ్యి అడుగుల రీలుకు సుమారు 11 నిమిషాలు: ఎడిటరు లెక్కలు ఇవి. నెగెటివు నుంచి తీసిన తొలి నకలును, అంటే రష్ ప్రింటును, మూవియోలా యంత్రం మీద చూసి, గ్రీజు పెన్సిలుతో గుర్తు పెట్టి కోసేవారు. ఆ కూర్పు ఖాయమయ్యాక అంచు నంబర్ల ప్రకారం నెగెటివును కత్తిరించేవారు. నెగెటివు మీద కత్తెర పడితే ఇక వెనక్కి తీసుకోలేరు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ రోజుల్లో ఫిల్ము అతికే పని చేసింది టాకీసు ఆపరేటర్లే. ఆట మధ్యలో ఫిల్ము తెగితే రెండు కొసలూ కత్తిరించి, ఒక కొస మీది మందుపూత గీకి, సిమెంటు రాసి, నొక్కిపట్టి అతికేవారు. అతికిన ప్రతిసారీ ఒకటో రెండో ఫ్రేములు పోయేవి. ఊళ్లన్నీ తిరిగిన పాత ప్రింటులో పాట మధ్యలో ముక్కలు ఎగిరిపోతుండేవంటే కారణం అదే.

వీడియో క్యాసెట్లు వచ్చాక కూర్పు పని పట్టణాల వీడియో స్టూడియోలకు చేరింది. పెళ్లి క్యాసెట్టును రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టి కూర్చేవారు. ఒకదాంట్లో వేసి, రెండోదాంట్లో ఎక్కించడమే పద్ధతి. తలంబ్రాలకు ముందు ఒక దృశ్యం చేర్చాలంటే అక్కణ్నుంచి చివరిదాకా మళ్లీ ఎక్కించాలి. నకలుకు నకలు తీసేకొద్దీ బొమ్మ మసకబారేది.

ఈ కష్టాన్ని కంప్యూటరు తీర్చింది. అమెరికాలో కూర్పు సాఫ్ట్‌వేర్లు ఏవిడ్ 1989లో, అడోబ్ ప్రీమియర్ 1991లో వచ్చాయి. కమలహాసన్ తమిళ చిత్రం ‘మహానది’ (1994) ఏవిడ్ మీద కూర్చిన తొలి భారతీయ చిత్రంగా పేరుపొందింది. 2000లో విండోస్‌తో పాటే మూవీ మేకర్ వచ్చి ఇంటి కంప్యూటరుకూ కూర్పు నేర్పింది. పెళ్లి వీడియోలవారు ఎక్కువగా ఎడియస్ అనే సాఫ్ట్‌వేరుకు అలవాటుపడ్డారు. కంప్యూటరు కూర్పులో అసలు క్లిప్పు చెక్కుచెదరదు. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో టైమ్‌లైన్ గుర్తుంచుకుంటుంది, అంతే. వేర్వేరు సీక్వెన్సులుగా కూర్చిన భాగాలను చివర ఒక పెద్ద సీక్వెన్సులోకి తెచ్చి పేర్చవచ్చు.

పేర్చడం తేలికే, పొందిక కుదరడం కష్టం. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్నే చూడండి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, పొడవాటి మాను కొసన పూజారి కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల సాగుతాయి. ఒక కెమెరా మూడులాంతర్ల కూడలి దగ్గర, ఒకటి కోట ముందు, ఒకటి మేడ మీద ఉన్నాయనుకోండి. టీవీ కెమెరాది 25 ఫ్రేములు, సెల్‌ఫోనుది ఇంచుమించు 30. సెల్‌ఫోను వేగం నిలకడగా ఉండదు కూడా. సరిచేయకుండా కలిపితే డప్పు మీద దెబ్బకూ మోతకూ పొంతన కుదరదు. అందుకే అన్ని క్లిప్పులనూ ముందు ఒకే ఫ్రేము లెక్కకు మార్చి, ఒక గట్టి డప్పు దెబ్బను గుర్తుగా పెట్టుకుని సర్దుతారు. మొదటి తిరుగుడు షాటు మూడో తిరుగుడులో పడకుండా నీడల పొడవు చూసుకోవడం మాత్రం మనిషి పనే.

విడివిడి కథలను ఒక్కటి చేయడంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన గొప్ప ఉదాహరణ ‘కేరాఫ్ కంచరపాలెం’. విశాఖలోని కంచరపాలెంలో, ఎక్కువమంది స్థానికులతోనే వెంకటేష్ మహా దీన్ని తీశారు. 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. ఎడిటరు రవితేజ గిరిజాల. బడిపిల్లలు సుందరం–సునీత, యువకుడు జోసెఫ్–భార్గవి, మందుకొట్టులో పనిచేసే గడ్డం–సలీమా, నడివయసు అటెండరు రాజు–రాధ. ఈ నాలుగు ప్రేమకథలూ పక్కపక్కన, ఒకే కాలంలో జరుగుతున్నట్టే సాగుతాయి. ఆ కథల్లోని నలుగురు మగవాళ్లూ ఒక్క మనిషేనని, అవి ఒకే బతుకులోని నాలుగు వయసులని చివరికి తెలుస్తుంది. వయసుల వరుసలో పేర్చి ఉంటే మామూలు జీవితకథ అయ్యేది. ఒక కథను సరిగ్గా ఎక్కడ ఆపి ఇంకో కథలోకి వెళ్లాలో తెలిసిన కూర్పు వల్లే ఆ ముగింపుకు అంత బలం వచ్చింది. తెలుగులో కూర్పు నేర్చుకునేవారు మొదట చూడవలసిన సినిమా ఇదేనని నిస్సందేహంగా చెప్పవచ్చు.

శ్రీకాకుళం మత్స్యకారుల నిజగాథ ఆధారంగా వచ్చిన ‘తండేల్’ (2025)లో నవీన్ నూలి కూర్పు ఇటు ఊరినీ అటు పాకిస్తాన్ జైలునూ కలిపింది. ఇప్పుడు కైన్‌మాస్టర్ లాంటి యాప్‌లతో సెల్‌ఫోనులోనే కూర్పు నడుస్తోంది.

ఇక్కడొక సంగతి పాఠకులు పట్టించుకోవాలి. సముద్రపు తేమకు పాత వీహెచ్‌ఎస్ టేపుల మీద బూజు పడుతుంది. ఇంట్లో అమ్మానాన్నల పెళ్లిదో, ఊరి సంబరానిదో క్యాసెట్టు ఉంటే వెంటనే కంప్యూటరులోకి ఎక్కించండి. కత్తిరించే ముందు మొత్తం రికార్డింగు నకలును వేరే హార్డ్‌డిస్కులో దాచండి.