నాణెపు పెట్టెకూ నకిలీ బెడద

అరుదైన నాణేలకే కాదు, వాటిని భద్రపరిచే పెట్టెలకూ నకిలీల బెడద తప్పడం లేదు. అమెరికాలో 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ సంస్థలు ప్రారంభమయ్యాయి. ఇవి నాణేన్ని పరీక్షించి, 1 నుంచి 70 వరకు గ్రేడు నిర్ణయించి, పారదర్శక ప్లాస్టిక్ పెట్టెలో శాశ్వతంగా మూసివేస్తాయి. సేకరణదారులు దీనినే ‘స్లాబ్’ అంటారు. లోపలి లేబుల్‌పై నాణెం వివరాలు, గ్రేడు, ధ్రువీకరణ సంఖ్య ముద్రితమై ఉంటాయి. గ్రేడు ఒక్క అంకె పెరిగితే కొన్ని నాణేల ధర అనేక రెట్లవుతుంది. మోసగాళ్ల కన్ను పెట్టెపై పడింది అందుకే.

2008 నాటికే చైనాలో తయారైన నకిలీ పెట్టెలు విపణిలో బయటపడ్డాయి. హోలోగ్రామ్‌లు, బార్‌కోడ్‌లు సైతం అనుకరణకు గురయ్యాయి. దరిమిలా పీసీజీఎస్ 2020లో పెట్టెల్లో ఎన్‌ఎఫ్‌సీ చిప్‌ను అమర్చనారంభించింది. సెల్‌ఫోన్‌ను దగ్గరకు చేర్చితే నాణెం వివరాలు తెరపై ప్రత్యక్షమవుతాయి.

అయితే పాత పెట్టెల్లో చిప్ ఉండదు. సంఖ్య సరిపోయినంత మాత్రాన నమ్మడానికీ వీలులేదు. నకిలీదారులు అసలు పెట్టె సంఖ్యనే యథాతథంగా దించుతారు. సంస్థ వెబ్‌సైటులో ఛాయాచిత్రం లభిస్తే, అందులోని గీతలు, మచ్చలు చేతిలోని నాణెంపై అవే చోట్ల ఉన్నవో లేవో పోల్చుకోవాలి. పెట్టె అంచుల అతుకు చెదిరినట్లు కనిపించినా కొనుగోలుకు తొందరపడరాదు. అసలు పెట్టెను విప్పి లోపలి నాణేన్ని మార్చివేయడమూ ఉన్నదే.