హోటల్ బల్ల ముందు ఎవరు కూర్చున్నారు?

ప్రత్యేక సంచికకు మన నగర చరిత్రపై ఒక వ్యాసం రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. కోట గురించి, వేయి స్తంభాల గుడి గురించి రాయగల పెద్దలు మన సంఘంలో ఎందరో ఉన్నారు. నాకు తెలిసినది చిన్న సంగతి. మా కుటుంబం మూడు తరాలుగా బయట ఎక్కడ తిన్నది, ఎవరెవరు కలిసి తిన్నారు అన్నదే నా విషయం. జ్ఞాపకం చేసుకుంటూ పోతే ఏం తిన్నామన్న దానికంటె, బల్ల ముందు కూర్చునే వీలు ఎవరికి ఎప్పుడు దొరికిందన్నదే ముఖ్యమనిపించింది.

మా నాయన అజంజాహి మిల్లు కార్మికుడు. 1934లో వెలసిన ఆ మిల్లు, కాజీపేట రైల్వే జంక్షను మన ఊళ్లో వేలమందికి షిఫ్టుల బతుకు నేర్పినాయి. షిఫ్టు దిగిన మనిషికి ఇల్లు చేరేలోపు ఒక చాయ కావాలి. నాయన దోస్తులతో ఇరానీ హోటల్లో కూర్చుని, సాసరులో పోసుకుని తాగేవాడు. అక్కడ పైసలిచ్చిన ప్రతివాడికీ అదే కప్పు అని ఆయన గొప్పగా చెప్పేవాడు.

ఆ మాట వెనుక ఉన్న బరువు నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజుల్లో దేశంలో చాలాచోట్ల భోజన హోటళ్లకు కులం పేరుతో బోర్డులుండేవి. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, భోజనశాలలను పేరుపెట్టి చెప్పి, కులమతాల కారణంగా గాని, స్త్రీ పురుష భేదం వల్ల గాని, పుట్టిన చోటు వల్ల గాని ఎవరినీ అడ్డుకోరాదన్నది. అంటరానితనాన్ని నేరంగా శిక్షించే చట్టం 1955లో వచ్చింది. అయినా, పల్లె హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఇంకా సాగుతున్నదని 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి నివేదించవలసి వచ్చింది. చట్టం వచ్చిన 46 ఏండ్ల తర్వాతి మాట ఇది.

మా అమ్మ సంగతి వేరు. ఆమెను ఏ బోర్డూ ఆపలేదు, కాని ఆమె జీవితంలో ఒక్కపూట కూడా హోటల్లో కూర్చుని తినలేదు. నాయన ఎప్పుడన్నా మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకుని వస్తే మాకందరికీ పంచి, మిగిలితే నోట్లో వేసుకునేది. “పైసలిచ్చి బయట తినుడేంది బిడ్డా, ఇంట్ల బువ్వ లేదా?” అనేది. అది కరువు చూసిన తరం. 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు సోమవారం రాత్రి భోజనం మానమని దేశాన్ని కోరితే, అనేక హోటళ్లు ఆ పూట తలుపులు మూసుకున్నాయి. మా అమ్మ ఆ సోమవారాలు తప్పక పాటించింది. 1988లో ఆమె కాలం చేసింది.

నేను 1974లో ప్రభుత్వ సర్వీసులో చేరాను. 1977లో పెళ్లయింది. జీతం వచ్చిన తర్వాత మొదటి ఆదివారం హన్మకొండలో సినిమా, ఆ తర్వాత టిఫిన్. అప్పటి హోటళ్లలో ‘ఫ్యామిలీ రూమ్’ అని చెక్క గోడలతో చిన్న గదులు, వాటికి పరదాలు. మగవాళ్లు హాల్లో, ఆడవాళ్లతో వచ్చినవాళ్లు పరద వెనుక. సర్వరు పరద జరిపి “ఏం గావాలె సార్?” అని నన్నే అడిగేవాడు. ఇద్దరికీ నేనే చెప్పేవాణ్ణి. ఆనాటి మర్యాద అది. ఒంటరిగా ఒక స్త్రీ హాల్లో కూర్చుని దోసె తినడం నేను ఆ పదేండ్లలో చూసిన గుర్తు లేదు.

ఆ హాల్లోనే పదేండ్ల పిల్లలు బల్లలు తుడిచేవారు. మా అమ్మాయి ఒకసారి తన ఈడు పిల్లవాణ్ణి చూసి, “బాపూ, ఆయనకు బడి లేదా?” అని అడిగింది. హోటళ్లలో, దాబాల్లో 14 ఏండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదన్న నిషేధం 2006 అక్టోబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికి మా అమ్మాయి తన బిడ్డను బడికి పంపే ఏర్పాట్లలో ఉన్నది.

ఇక మాల్‌ల కాలం. నాలుగు గోడల మధ్య, పైకప్పు కింద బజారంతా పెట్టే పద్ధతి 1956లో అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో సౌత్‌డేల్‌తో మొదలైంది. దాన్ని గీసిన విక్టర్ గ్రూయెన్ వియన్నా నగరంలో పుట్టినవాడు. అక్కడి కాఫీ హోటళ్లలా జనం కలిసి కూర్చునే చోటు కావాలన్నది ఆయన కోరిక. మన దేశంలో ఢిల్లీ అన్సల్ ప్లాజా, బొంబాయి క్రాస్‌రోడ్స్ 1999లో తెరుచుకున్నాయి. హైదరాబాదులో 2003లో ప్రసాద్స్, 2004లో హైదరాబాద్ సెంట్రల్, 2009లో ఇనార్బిట్ వచ్చాయి. తర్వాత మన హన్మకొండలోనూ ఏషియన్ శ్రీదేవి మాల్ వెలిసింది.

నేను 2008లో రిటైరయ్యాను. ఆ తర్వాత పిల్లలు మమ్మల్ని హైదరాబాదులో ఒక మాల్‌కు తీసుకుపోయారు. పై అంతస్తులో హాలు నిండా బల్లలు, పరదాలు లేవు. ఆఫీసు నుంచి వచ్చిన ఆడపిల్లలు ఒంటరిగా కూర్చుని తింటున్నారు. మనవరాలు “అమ్మమ్మా, నీకేం గావాలె?” అని అడిగితే మా ఇంటావిడ బొమ్మల బోర్డు చాలాసేపు చూసి పావ్ భాజీ అన్నది. నేను వరుసలో నిలబడి, ట్రే పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాను. నలభై ఏండ్ల దగ్గర పెట్టు సంసారంలో ఆమె కూర్చుని ఉండగా నేను వడ్డించింది తక్కువే. “మా అత్తమ్మ ఇది చూస్తే ఏమనునో” అని నవ్వింది.

అలాగని మాల్ అందరికీ తెరిచిన తలుపని చెప్పను. కులం బోర్డు పోయి ధరల బోర్డు వచ్చింది. పింఛను మీద బతికేవారు ఆ బోర్డు చూసి వెనుదిరగడం నేనెరుగుదును. కాబట్టి బిల్లు గురించి రెండు ముక్కలు. మామూలు భోజనశాలల్లో జి.ఎస్.టి. 2017 నవంబరు 15 నుంచి 5 శాతం. ఇది ప్రభుత్వానికి పోయే పన్ను, కట్టవలసిందే. ‘సర్వీస్ చార్జి’ పన్ను కాదు. దాన్ని బిల్లులో దానంతటదే కలపరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఒకచోట మా బిల్లులోనూ వేశారు. మా ఇంటావిడే చదివి చూపించింది, అడిగితే తీసివేశారు. తీయకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

సభ్యులకు ఒక మనవి. అజంజాహి మిల్లు ముందరి చాయ హోటళ్లు, పరదాల గదులు ఎరిగినవారు మనలో ఏటేటా తగ్గిపోతున్నారు. మీ జ్ఞాపకాలు ఒక కాగితం మీద రాసి సంఘానికి పంపండి. రాసేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లను కూడా అడగండి. వారు మొదటిసారి బయట కూర్చుని తిన్నది ఏ సంవత్సరమో, ఎవరు తీసుకుపోయారో వారికి బాగా గుర్తుంటుంది.