వేసవి సెలవులును గ్రంథాలయ సేవయు

గ్రంథాలయ మను మాటను మనము తఱచుగా పలుకుచున్నాము గాని, దాని యర్థమును విచారించువారు తక్కువ. గ్రంథ శబ్దమునకు మూలమైన ధాతువునకు కూర్చుట, ముడివేయుట యని యర్థము. తాటాకులకు రంధ్రము చేసి త్రాటితో కూర్చి కట్టినది గ్రంథము. ఆలయ మనగా నిలుచు చోటు. లోకమున నీ శబ్దము దేవాలయమునకు రూఢమైనది. దేవాలయమునకు గర్భగృహ మొక్కటియే చాలదు. పదిమంది కూర్చుండుటకు మండపమును, ఏటేట నుత్సవమును ఉండవలెను. ఉత్సవము లేని గుడికి ఊరివారు క్రమముగా దూరమగుదురు. అట్లే గ్రంథాలయమునకు బీరువాలు గర్భగృహము; సభలు, కాలక్షేపములు, బాలుర పఠన గోష్ఠులు మండపమును ఉత్సవమును. తెలుగునాట గ్రంథాలయోద్యమమును నడపిన పెద్ద లీ మర్మము నెఱిగినవారు. వారి చరిత్రమును, అందు ముఖ్యముగా తీరిక దినములను వారు వినియోగించుకొనిన తెఱంగును, మన సంఘ సభ్యులకును పోషకులకును సంగ్రహముగా విన్నవింపదలచితిమి.

తొలి దినములయం దీ పనికి పూనుకొనినవారు ధనికులు మాత్రమే కారు. విశాఖపట్టణమున 1886లో గ్రంథాలయమును నెలకొల్పిన మంతెన ఆదినారాయణమూర్తిగారు బడిపంతులు. నేటి పశ్చిమ గోదావరి ప్రాంతమున కుముదవల్లి యను పల్లెయందు 1897లో భూపతిరాజు తిరుపతిరాజుగారు వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయమును స్థాపించి, పట్టణవాసులకే చెల్లుననుకొనిన వస్తువు పల్లెవాసులకును చెల్లునని చూపిరి. హైదరాబాదున 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు, మునగాల రాజాగారగు నాయని వేంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువా రందులకు కారకులు. వారి కులములు వేఱు, జీవనములు వేఱు. కోరిక మాత్ర మొకటియే. కులసంఘపు సంచికలో చరిత్ర వ్రాయు మాకు ఈ విషయమును మొదటనే చెప్పుట ధర్మమని తోచినది.

ఇట్లు చెదరియున్న గ్రంథాలయముల నొక్క త్రాట కూర్చినది బెజవాడ సభ. అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికచే 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడ యందు ప్రథమాంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగా రధ్యక్షులు. చూపు లేని యాయన చూపున్నవారిని పుస్తకమునకు దారి పట్టించుట స్మరణీయమైన విషయము. ఆనాటి పంచాంగమును తిరుగవేసినచో నా దినము గుడ్ ఫ్రైడే యని తెలియును. అది కచేరీలకును పాఠశాలలకును సెలవు దినము. ఈ తేది యూరక వచ్చినదని మేము తలంపజాలము. ఆ కాలమున గ్రంథాలయములకు పనిచేయువారు ఉపాధ్యాయులు, వకీళ్లు, గుమాస్తాలు, విద్యార్థులు. వారి కొలువులకు భంగము లేకుండ సభ చేయదలచినచో సెలవే దిక్కు. ఆ సభ ఫలముగా నాంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. అనంతరము గ్రంథాలయ సర్వస్వ మను పత్రికయు వెలువడెను. తరువాత 1919లో అఖిల భారత ప్రజా గ్రంథాలయ మహాసభ మద్రాసున జరుగుటకును తెలుగువారి పూనికయే ముఖ్య కారణము. దానికి బరోడా సంస్థానపు గ్రంథాలయాధికారి కుడాల్కరుగా రధ్యక్షత వహించిరి.

ఆ పెద్దలు పల్లెలలో పనిచేసిన విధమును గమనింతము. పంట యిల్లు చేరిన పిదప తొలకరి వఱకు సేద్యగానికి కొంత తీరిక. చైత్రమున శ్రీరామనవమి పందిళ్లు వేయుదురు. హరికథలు, పురాణ కాలక్షేపములు, భజనలు సాగును. చదువనేర్చినవారు తక్కువగా నున్న యా దినములలో పుస్తకమును బీరువాలో నుంచిన నెవరు తీయుదురు? కావున గ్రంథాలయ సేవకులు ఊరి యరుగు మీద వార్తాపత్రికను బిగ్గఱగా చదివి వినిపించిరి; రాత్రి పాఠశాలలు నడిపిరి; హరికథకును భజనకును గ్రంథాలయమునందు తావిచ్చిరి. వినుట యలవాటైన చెవి పిమ్మట చదువుట కన్నును ప్రేరేపించు నని వారి నమ్మకము. 1908లోనే రాజద్రోహ నేరముపై చెఱకు పోయిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు పిమ్మట గ్రంథాలయ సంఘమునకు నాయకులై వయోజన విద్య కంకితమగుటయు నీ నమ్మకముతోడనే. హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, అస్పృశ్యులని లోకము దూరముంచిన తమవారిలో హరికథల మూలమున చైతన్యము కలిగించిరి. విద్యకు వాకిలి మూయబడిన చోట కథాకాలక్షేపమే బడియైనది.

సేవకులకు శిక్షణ మిచ్చుటకును వేసవియే యనుకూలించినది. 1928లో ఏర్పడిన మద్రాసు గ్రంథాలయ సంఘము మఱుసటి యేడే, అనగా 1929లో, గ్రంథాలయ శాస్త్రమున వేసవి పాఠశాలను తెఱచెను. దానికి ప్రాణము రంగనాథన్‌గారు. ఆనాడు కోస్తా మండలములును రాయలసీమయు మద్రాసు రాజధానిలోనివే. వేసవిలో పాఠశాలలకు సెలవు గనుక ఉపాధ్యాయులు వచ్చి నేర్చుకొని పోవచ్చును. జూన్ నెలలో బడి తెఱచినప్పుడు దాని గ్రంథాలయమును చక్కదిద్దుకొనవచ్చును. ఆ పాఠశాలను 1931లో మద్రాసు విశ్వవిద్యాలయము తాను గ్రహించెను. వేసవి సెలవులలో నారంభమైన చిన్న ప్రయత్నము విశ్వవిద్యాలయ విద్యయైన దనుట కిదియే నిదర్శనము.

అదే 1931లో అఱవ దేశమునందలి మన్నార్‌గుడి ప్రాంతమున ఎడ్లబండి మీద పుస్తకములు గ్రామములకు సాగెను. 1935లో గుంటూరు మండలమున పాతూరి నాగభూషణముగారు కృష్ణ కాలువ మీద పడవ గ్రంథాలయమును నడపిరి. కాలువ వెంట నున్న యూళ్లకు బియ్యపు బస్తాలు పోవు త్రోవనే పుస్తకములును పోయినవి. ఈ పడవను గూర్చి గర్వముతో చెప్పుకొందుము గాని, ఒక సంగతిని మఱువరాదు. వేసవిని మరమ్మతులకై కాలువలు కట్టివేయుట డెల్టాయందు వాడుక. నీరు లేనప్పుడు పడవ నడువదు. సేద్యగానికిని బడిపిల్లలకును తీరిక కలిగిన కాలమున కాలువ ఎండియుండును. అట్టి తఱి పుస్తకము మనుష్యుని చేతి మీదుగానే పోవలెను. ఎంత చక్కని సాధనమైనను దాని కొక యెండకాల మున్నది. ఆ యెండకాలమును దాటించునది సేవకుల పూనిక.

తెలంగాణమున నీ పని మఱింత కష్టసాధ్యమైనది. నిజాము పాలనమునందు రాజభాష ఉర్దూ. ఉన్నత విద్యయు నా భాషయందే. సభ చేయుటకు సర్కారు అనుమతి కావలెను. అట్టి స్థితిలో గ్రంథాలయము పుస్తకముల యిల్లు మాత్రమే గాక మాతృభాషకు తలదాచుకొను చోటైనది. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికింద్రాబాదునం దాంధ్ర సంవర్ధినీ గ్రంథాలయమును వెలసినవి. 1925లో మధిరయందును, 1928లో సూర్యాపేటయందును గ్రంథాలయ మహాసభలు జరిగెను. ప్రజలు నలువురు గూడి తమ మాటలో తమ మంచిచెడ్డలను విచారించుకొనుట కవి యవకాశము లిచ్చినవి. బీరువాకు తాళము వేసి లోపల పుస్తకముల నెన్ని యుంచినను నట్టి ఫలము కలిగియుండదు.

వేటపాలెము సారస్వత నికేతనమును ఇచ్చట పేర్కొనక తప్పదు. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారి పూనికచే చిన్న యూరిలో, కొలది పుస్తకములతో నది యారంభమైనది. 1929లో మహాత్మాగాంధిగారు దాని మందిరమునకు శంకుస్థాపన చేసిరి. అచ్చటి పాత పత్రికల సంపుటములను చూచుటకు పరిశోధకులు దూరదేశముల నుండి వచ్చుచుందురు. వచ్చినవాని కులమేదియని యడిగి యుండినచో దాని కీ ప్రఖ్యాతి వచ్చియుండునా? నాటినవారు కొందఱు, నీడ యందఱిది.

స్వాతంత్ర్యానంతరము కథ మఱియొక మలుపు తిరిగినది. 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయ శాసనమును, 1955లో హైదరాబాదు శాసనమును, రెండు ప్రాంతములు కలిసిన పిదప 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనమును వచ్చినవి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలగుట ప్రారంభమైనది. పెద్దలు చిరకాలము కోరినది లభించినది. పల్లెపల్లెకు శాఖలు, జీతముగల యుద్యోగులు, ఏటేట క్రొత్త పుస్తకములు వచ్చినవి. ఇది గొప్ప మేలు. దానిని తక్కువచేసి పలుకము. అయినను మేలుతో పాటు ఒక నష్టమును కలిగినది. పన్ను కట్టితిమి గదా, ఇక సర్కారువారే చూచుకొందురని ఊరివారు చేతులు ముడుచుకొనిరి. స్థానిక సంస్థలు వసూలుచేసిన పన్నును గ్రంథాలయములకు సకాలమున చెల్లింపకపోవుట యొకవైపు, ఖాళీలు పూరింపక ఒక్క యుద్యోగియే పలుచోట్ల చూచుకొనవలసి వచ్చుట మఱియొకవైపు. గర్భగృహము మిగిలినది, మండపము బోసిపోయినది.

నేడు పట్టణపు గ్రంథాలయములందు కూర్చుండుటకు చోటు దొరకుట కష్టమే. కాని యచ్చటనున్న వారిలో పెక్కుమంది ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకులు. వారికి మేలు కలుగుగాక. బాలుడు మాత్ర మచ్చట కనబడుట యరుదు. ఇటీవల ప్రభుత్వ గ్రంథాలయములు కొన్నింట వేసవి శిబిరములు జరుగుచున్నవి. కథలు చెప్పించుట, బొమ్మలు గీయించుట, పద్యములు చదివించుట మొదలగు కార్యక్రమము లున్నవి. ఇవి పెద్దలు వేసిన త్రోవయే. అయితే సర్కారు శిబిరము ప్రతి పేటకు రాజాలదు. ముప్పదియేండ్లకు పైగా బడిలో పనిచేసిన మేము చూచిన సత్యమిది: ఏప్రిలులో తప్పులు లేక చదివిన పేదపిల్లవాడు జూన్‌లో తడబడుచు వచ్చును. ఇంట పుస్తకమున్న పిల్లవానికి సెలవు విశ్రాంతి. ఇంట పుస్తకము లేనివానికి సెలవు మఱపు. ఇరువురి నడుమ నంతరము బడి నడచుచున్నప్పటి కంటె బడి మూసిన దినములలోనే పెరుగుచున్నది.

ఇప్పుడు మన సంఘపు మాటకు వత్తము. మన విద్యార్థి వసతిగృహమున చక్కని పఠన మందిర మున్నది. పోషకుల పేళ్లు చెక్కిన చలువరాతి ఫలకము లున్నవి. బీరువాలును పుస్తకములును ఉన్నవి. విద్యార్థులు సెలవులకు పోయిన నాటినుండి తిరిగి వచ్చు నాటివఱకు దానికి తాళము. పిల్లలకు తీరిక కలిగిన యా యెనిమిది వారములు మన పుస్తకములకును తీరికయే! ఆ తాళమును తీయవలెనని మా విన్నపము.

ఏమి చేయవలెనందురా? ఎండ ముదురక మునుపు, ఉదయము 7 గంటలు మొదలు 10 గంటల వఱకు తలుపు తెఱచిన చాలును. ఒక గడియ యెవరికి నచ్చిన పుస్తకము వారు చదువుట. ఒక గడియ పెద్దవా రొకరు కథనో చరిత్రమునో చెప్పుట. తక్కిన కాలమున పద్యపఠనము, పత్రికను చదివి వినిపించుట, విన్నదానిని తమ మాటలలో వ్రాయుట. వారమున కొక సాయంకాలము తల్లులకును పెద్దలకును సభ. ఇంట్లో పాత యుత్తరములు, దస్తావేజులు, తాటాకు గ్రంథము లున్నవారు తెచ్చి చూపవచ్చును. పిల్లలు వానిని జూచి తమ యూరి చరిత్ర వ్రాయుట నేర్తురు. విశ్రాంత ఉపాధ్యాయులు మన సంఘమునం దెందఱో కలరు. కావలసినదెల్ల త్రాగునీరు, రెండు పంకాలు, తలుపు తీసి మూయుటకును పుస్తకము లెక్కించి యిచ్చుటకును ఒక మనుష్యుని రెండు నెలల జీతము.

మన వారి ధనముతో నేర్పడిన మందిరమును ఇతరుల పిల్లలకు తెఱచుట యెందులకని కొంద ఱడుగవచ్చును. ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. దాతలు తమవారి పిల్లల విద్యకై యిచ్చిరి. కాని వారి పిల్లలు సెలవులకు పోయిన కాలమున నా పుస్తకములచే వారికి కలుగు లాభమేమి? చెదలకే లాభము. మఱియు వేసవిని మనవారు చలివేంద్రములు పెట్టుట యాచారము. పూర్వము చలివేంద్రములలోను కొందఱికి నీరు దూరము నుండి పోసిన మాట నిజము. ఆ యాచారము తప్పని నేడు మనమే యొప్పుకొనుచున్నాము. నీటికి మాని వేసిన యడ్డును పుస్తకమునకు నిలుపుట న్యాయమా? మన పిల్లవాడు రేపు పనిచేయునది, బ్రదుకునది పదిమందిలోనే. పదిమందితో గూర్చుండి చదువుట నిప్పుడే నేర్చినచో నది వానికే మేలు. మన సంఘము పేరు మన పేటలోని పిల్లల నోట మెలగుటకంటె గొప్ప శిలాఫలకము లేదు.

కావున ఈ మహాసభ యందు కార్యనిర్వాహకులకు రెండు మాటలు మనవి చేయుచున్నాము. రానున్న వేసవికి పఠన మందిరమును నలువది దినములు అన్ని కులముల బాలబాలికలకును తెఱచునట్లు తీర్మానింపుడు. పోషకమహాశయులలో నెవరైన క్రొత్త ఫలకమునకై ద్రవ్యము నుద్దేశించి యుండినచో, అందులో కొంత యా మనుష్యుని జీతమునకు మరలింపుడు. పద్యము చదువు గడియకు మేము ప్రతిదినము వచ్చెదము. ఇతర ఉపాధ్యాయ మిత్రులును తమ కనుకూలమైన దినములను కార్యదర్శిగారికి సభ ముగియుటకు ముందే తెలుపగోరెదము.