పడినవారు తిరిగి నిలిచిన దారి: క్రైస్తవ సంఘంలో పునరుద్ధరణ

విశ్వాసంలో తప్పిపోయినవారిని దేవుని కృప తిరిగి నిలబెడుతుందనే నమ్మకానికి సువార్తల్లో నిండైన రూపం పేతురు వృత్తాంతం. ప్రధాన యాజకుని ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ, యేసు ఎవరో తనకు తెలియదని అతడు మూడుసార్లు బొంకాడు. పునరుత్థానం తర్వాత తిబెరియ సముద్రపు ఒడ్డున మళ్లీ బొగ్గుల మంటే కనిపిస్తుంది. దానిమీద చేపలు, రొట్టె. ఆ మంటకు వాడిన గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లే ఉంది. తనమీద ప్రేమ ఉందా అని యేసు అక్కడ మూడుసార్లు అడిగి, మూడుసార్లూ తన మందను పేతురుకు అప్పగించాడు. క్షమాపణతో పాటు పోగొట్టుకున్న బాధ్యత కూడా దక్కితేనే అది పునరుద్ధరణ.

తొలి సంఘానికి ఈ పాఠం కఠినపరీక్షే అయింది. 250లో రోమన్ చక్రవర్తి డెసియస్ ఆజ్ఞకు భయపడి ఎందరో విశ్వాసులు దేవతలకు బలులు అర్పించారు. కొందరు అర్పించినట్టు పత్రాలు కొనుక్కున్నారు. వారిని తిరిగి చేర్చుకునే అధికారం సంఘానికి లేదని రోమ్ సంఘ పెద్ద నొవేషియన్ పట్టుబట్టాడు. పశ్చాత్తాపపడితే తలుపు తెరవాలన్నది కార్తేజ్ బిషప్ సిప్రియన్ పక్షం. 325లో నైసియా మహాసభ తలుపు తెరిచే ఉంచింది కానీ, బలవంతమేమీ లేకుండానే విశ్వాసం వదిలినవారికి సభ ఎదుట పన్నెండేళ్ల ప్రాయశ్చిత్తం పెట్టింది. ఐర్లాండ్ సన్యాసుల ప్రభావంతో ఆరో శతాబ్దం నుంచి గురువు చెవిలో పాపం ఒప్పుకునే పద్ధతి వ్యాపించింది. 1215లో నాలుగో లాటరన్ సభ దాన్ని ఏటా తప్పనిసరి చేసింది. 1517లో ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ తాను ప్రకటించిన సిద్ధాంతాల్లో మొదటిదానిలోనే, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమేనని తేల్చాడు.

కతోలిక, ప్రొటెస్టెంట్ సంప్రదాయాలు రెండూ తమిళనాడులోని విళాత్తికుళం, కోవిల్‌పట్టి కరిసల్ (నల్లరేగడి) నేలకు చేరాయి. విజయనగర, నాయక రాజుల కాలంలో వలస వచ్చిన కంబళ నాయకర్లు, కమ్మవారు, రెడ్లు స్థిరపడిన సీమ ఇది. ఎట్టయపురం పాలెగాళ్లూ తెలుగువారే. 1606లో కతోలిక గురువు రాబర్ట్ డి నోబిలి అడుగుపెట్టిన మదురై మిషన్‌కు కోవిల్‌పట్టి దగ్గరి కామనాయకన్‌పట్టి ముఖ్య కేంద్రమైంది. వీరమాముని అనే పేరుతో ప్రసిద్ధుడైన బెస్కీ అక్కడ సేవచేశాడు. తమిళ, తెలుగు కతోలికులు ఇద్దరూ వాడే మాట పాపసంకీర్తనం. భగవన్నామాన్ని గొంతెత్తి పాడే సంకీర్తనం, ఇక్కడ తన తప్పును తానే నోరు తెరిచి చెప్పుకోవడం అయింది.

ప్రొటెస్టెంట్లలో 1854లో మిషనరీ రాగ్లాండ్ ఉత్తర తిరునెల్వేలిలో గుడారాలు వేసుకుని ఊరూరా తిరిగి బోధించాడు. 1858లో శివకాశిలో కన్నుమూశాడు. రెండేళ్లకు, 1860లో, నేటి విరుదునగర్ జిల్లాలోని క్రిస్టియన్‌పేటలో సువార్తికుడు అరుళప్పన్ సంఘంలో ఉజ్జీవం పుట్టింది. జనం గుండెలు బాదుకుంటూ అందరి ఎదుట పాపాలు ఒప్పుకున్నారు. చెవిలో చెప్పుకున్న మాట మళ్లీ సభలోకి వచ్చింది. అయితే ఈసారి శిక్షగా కాదు, కన్నీటితో తనంతట తానే.

పశ్చాత్తాపానికి గ్రీకులో ఉన్న మెటానోయా అన్న మాటను తెలుగు బైబిలు మారుమనస్సు అంది. తమిళం మనందిరుంబుదల్, అంటే మనసు వెనుదిరగడం అంది. మనసు మారాలి, మనిషి ఇంటికి తిరిగి రావాలి: రెండూ కలిస్తేనే అర్థం నిండుతుంది. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ ఈ సందేశాన్ని తెలుగు నేలమీది దోర్నకల్‌కు తీసుకువెళ్లింది. దాని స్థాపకుల్లో ఒకరైన అజరయ్య 1912లో అక్కడే బిషప్ అయ్యాడు.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1950లో రూపొందించిన ప్రభుభోజన ఆరాధనలో, సభ మొత్తం ముందుగా పాపాలు ఒప్పుకుంటుంది. తర్వాత ప్రభు బల్ల దగ్గర మొదలైన సమాధానం (శాంతి వందనం) చేతి నుంచి చేతికి సాగుతుంది: ఒకరి అరచేతిని మరొకరు రెండు చేతుల మధ్య పట్టుకుంటారు. తప్పు ఒప్పుకున్న మనిషి చెయ్యి ఖాళీగా మిగలదు.